ఫోబియాకి “భీతి” ఒక్కటే దిక్కా?

అమలాపురం నుంచి ప్రశ్న: ప్రేమలకీ పెళ్లిళ్లకీ అడ్డొచ్చే ఫోబియాల మీద వ్యాసం తెలుగు చెయ్యాలండి. ఫిలోఫోబియా, గామోఫోబియా, హాఫెఫోబియా... అన్నిటికీ చివర “భీతి” తగిలించుకుంటూ పోవడమేనా? ప్రేమభీతి, వివాహభీతి అంటే మన గోదావరి లంకల్లో ఎవరికెక్కుతుంది?

భీమవరం: ఫోబియాకి మూలం ఫోబోస్ అనే గ్రీకు మాట. హోమర్ కావ్యాల్లో ఫోబోస్ అంటే ఉత్త భయం కాదండి, హడలి పారిపోవడం. దానికి మన మాట బెదురు. బెదురుగొడ్డుని చూడండి. గట్టు మీది గోనెపట్టా గాలికి లేస్తే చాలు, చెవులు నిక్కించి, కాళ్లు బిగబట్టి, మరుక్షణం పగ్గం లాక్కుని పరుగు. పట్టా ఏమీ చెయ్యదని చెప్పి లాభం లేదు. ఫోబియా కూడా అంతే: ఉన్న ప్రమాదానికి మించిన హడలు, దాన్ని తప్పించుకు తిరగడం, అదీ మామూలుగా 6 నెలలు, ఆపైన నిలవడం. పెళ్లిచూపుల్లో తల వంచుకోవడం జంకు. దాన్ని ఫోబియా కింద రాయకండి.

తెలుగు మాట పక్కన సంస్కృతం మాట చేరిస్తే సమాసం దుష్టమవుతుందన్న బెంగ వద్దు. బళ్లో చెప్పే పంచమీ తత్పురుష ఉదాహరణే దొంగభయం. అది చెల్లితే పెళ్లిభయమూ చెల్లుతుంది.

నరసాపురం: హాఫే అంటే స్పర్శ. అలాగని “అంటుబెదురు” అనొద్దు, అంటరానితనం గుర్తొస్తుంది. “ముట్టు”కి ఇంకో అర్థం ఉంది కదా. తాకుడుబెదురు నయం.

నీళ్లతో ఇంకో చిక్కు. హైడ్రోఫోబియా రేబిస్ లక్షణం, సుశ్రుతుడి జలత్రాసం. పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి గోదావరి మీదుగా సఖినేటిపల్లికి దాటడానికి వణికే పెళ్లికొడుక్కి “జలభీతి” అని రాస్తే పిచ్చికుక్క కరిచిందనుకుంటారు! అతనిది ఆక్వాఫోబియా. నీళ్లజడుపు అనండి.

అమలాపురం: ట్రైపోఫోబియాకో?

భీమవరం: తామరదుద్దు, తేనెపట్టు లాంటి దగ్గరదగ్గర కంతలు చూస్తే ఒళ్లు జలదరించడం. అందులో భయం కన్నా ఏవగింపు పాలు ఎక్కువ, కాబట్టి కంపరం. మన ఆలంకారికులు ఈ రెంటినీ ఎప్పుడో విడదీశారు: భయానక రసానికి స్థాయీభావం భయం, బీభత్సానికి జుగుప్స, అంటే ఏవగింపు. ముద్దంటే వెనక్కి తగ్గేవాళ్లలోనూ ఎంగిలి తలుచుకుని ఒళ్లు జలదరించేవాళ్లుంటే, అక్కడా కంపరమే రాయండి.

అమలాపురం: నలుగురి ముందు తినలేకపోవడం, డైప్నోఫోబియా?

నరసాపురం: డైప్నోన్ అంటే భోజనం. పంక్తిబెరుకు అంటే ఎలా ఉంటుందండీ? వైద్యులు దీన్ని తరచు సామాజిక ఆందోళన కిందే చూస్తారు. చెయ్యి వణుకుతుంది, ముద్ద దిగదు, అందరూ తననే చూస్తున్నారనిపిస్తుంది. వ్యాసంలో ఈ బెరుకు పోగొట్టుకునే మెట్లు కూడా రాయండి: తెలిసినవాళ్లొకరి ఎదుట టీ, తరవాత ఇడ్లీ, తరవాత నచ్చిన మనిషితో హోటల్లో టిఫిను, పెళ్లి పంక్తి చివర. పులస పులుసు ఇంకా చివర, ముళ్లు ఏరుకుంటూ అందరి ఎదుటా తినాలి కదా! ఒక్కో మెట్టూ బెరుకు తగ్గేదాకా పదేపదే చెయ్యాలి. చాలామంది తప్పేది మధ్యలో లేచిపోవడం దగ్గర. లేవగానే హాయనిపిస్తుంది, ఆ హాయే మళ్లీ లేచిపొమ్మంటుంది. బెదిరినప్పుడల్లా పగ్గం వదిలేస్తే గొడ్డు నేర్చుకునేది పరుగే.

అమలాపురం: సరేనండి. గామోఫోబియా పెళ్లిభయమా, పెళ్లిబెదురా?

భీమవరం: ఇష్టపడిన మనిషే అయినా ముహూర్తం మాటెత్తగానే ఫోన్ కట్టేసి మాయమైతే బెదురు. కల్యాణమండపం అద్దె విని గుండె గుభేలుమంటే ఉత్త భయం, దానికి గ్రీకు పేరు అక్కర్లేదు.