నా నవల టీనేజర్ల గురించి ఉందట, టీనేజర్ల కోసం లేదట. తేడా ఏంటి?

సగంనవల:

అందరికీ నమస్కారం. యంగ్ అడల్ట్ (వైఏ, అంటే టీనేజర్ల కోసం రాసే) నవల ఒకటి రాశాను. కథ చెప్పేది పదహారేళ్ల అమ్మాయి. ఇంట్లో గొడవపడి అన్నయ్య వెళ్లిపోతాడు. ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ తెలీదు. వాణ్ణి వెతకడమే కథ. డ్రాఫ్ట్ పూర్తిచేసి ఒక స్నేహితురాలికి ఇస్తే, చదివి ఒక్క మాట అంది: "ఇది టీనేజర్ల గురించి పెద్దవాళ్ల కోసం రాసిన నవలలా ఉంది." ఎందుకలా అనిపించిందో తనూ సరిగ్గా చెప్పలేకపోయింది. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్.

అమ్మాయికి పదహారేళ్లే కదా. స్నేహాలు, మొదటి ప్రేమ, అమ్మానాన్నలతో పేచీలు అన్నీ ఉన్నాయి. ఇంకేం కావాలి? మొదటి అధ్యాయంలోంచి ఒక ముక్క పెడుతున్నాను. మొహమాటపడకుండా చెప్పండి.

"ఆ రోజు సాయంత్రం అన్నయ్య బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాటుతుంటే నేను తల కూడా ఎత్తలేదు. అదే ఆఖరి చూపని తెలిసుంటే ఒక్క మాటైనా మాట్లాడి ఉండేదాన్ని. ఆ వయసులో పౌరుషం ముందు పుడుతుంది, ప్రేమ విలువ తర్వాతెప్పుడో తెలుస్తుంది."

పనిలో పనిగా ఇంకో మూడు సందేహాలు. పెద్దవాళ్లని కథలోంచి తప్పించేయాలా? చాలా నవలల్లో అమ్మానాన్నలు మొదటి పేజీకే పోయి ఉంటారు. ముగింపు విషాదంగా ఉంటే ఒప్పుకుంటారా? లక్షా నలభై వేల పదాలు మరీ ఎక్కువా?

పుస్తకాలగూడు:

పదాల సంగతి నేను చెప్తాను, మిగతాది తెలిసినవాళ్లు చెప్తారు. ఇంగ్లిష్‌లో వైఏ నవలకి సాధారణంగా 50 నుంచి 80 వేల పదాలు అనుకుంటారు. ఫాంటసీ అయితే లక్ష దాకా పోనిస్తారు. తెలుగులో విభక్తులూ అవీ మాటకే అతుక్కుపోతాయి కాబట్టి అదే కథ ఇంకా తక్కువ పదాల్లో వచ్చేస్తుంది. ఆ లెక్కన మీది చాలా పెద్దది. ఒక్క అన్నయ్యని వెతకడానికి లక్షా నలభై వేలంటే మధ్యలో పాఠకుడు కూడా తప్పిపోతాడు :)

వయసు సంగతి: పిల్లలు తమకన్నా ఒకటి రెండేళ్లు పెద్దవాళ్ల కథలు ఇష్టంగా చదువుతారు. అందుకని పదహారేళ్ల హీరోయిన్ అంటే పద్నాలుగేళ్ల వాళ్లూ పట్టుకుంటారు. మీరు పెట్టిన వయసులో తప్పేం లేదు.

ఎర్రసిరా:

మీ స్నేహితురాలు రోగం సరిగ్గానే పట్టుకుంది, పేరే చెప్పలేకపోయింది. నేను నవలలకి ఎడిటింగ్ చేస్తుంటాను. వైఏ అని రాసి పంపే వాటిలో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే.

మీరు పెట్టిన ముక్కలో మూడు వాక్యాలున్నాయి. ముగ్గురు మాట్లాడుతున్నారు. మొదటి వాక్యం ఆ అమ్మాయిది. రెండోది ముప్ఫై అయిదేళ్లకి వెనక్కి తిరిగి చూసుకుంటున్న ఆవిడది. మూడోది రచయితది. "ఆ వయసులో" అని పదహారేళ్ల పిల్ల ఎందుకంటుందండీ? ఆమె ఆ వయసులోనే ఉంది. పైగా "ఆఖరి చూపు" అనేసి, అన్నయ్య దొరకడని మొదటి అధ్యాయంలోనే చెప్పేశారు. ఇక తర్వాత వెతికేది ఎవర్ని?

ముందు ఒక పని చేయండి. డ్రాఫ్ట్ ప్రింట్ తీసుకుని "ఇప్పుడు తలుచుకుంటే", "అప్పట్లో", "తర్వాత తెలిసింది", "ఎంత అమాయకంగా" లాంటి మాట కనబడ్డచోటల్లా గీత గీయండి. నా అనుభవంలో ఆ గీతలు అధ్యాయం మొదట్లో, చివర్లో గుంపుగా ఉంటాయి. రచయితకి ధైర్యం చాలని చోట్లు అవే. సీను దానంతటది నిలబడుతుందో లేదోనని భయపడి, పక్కన నిలబడి అర్థం చెప్పేస్తారు.

భూతకాలంలో రాయకూడదని కాదు. అలా పొరబడేవాళ్లు చాలామంది. 'ది హంగర్ గేమ్స్' 2008లో వర్తమాన కాలంలో వచ్చి పెద్ద హిట్టయ్యాక అందరూ అదే పట్టుకున్నారు. ఇంగ్లిష్‌లో అది నడిచింది. తెలుగులో నవలంతా "వస్తాడు, చూస్తాడు, కూర్చుంటాడు" అని లాగితే సినిమా స్క్రిప్టులా తయారవుతుంది. ఇక్కడ చూడాల్సింది దూరం. జరిగినదానికీ, చెప్పడానికీ మధ్య ఎంత కాలం గడిచింది? సాలింజర్ 'ది క్యాచర్ ఇన్ ది రై' 1951లో పెద్దవాళ్ల పుస్తకంగానే వచ్చింది. అయినా టీనేజర్లు దాన్ని సొంతం చేసుకున్నారు. అందులో కథ చెప్పే కుర్రాడు హోల్డెన్ పదహారేళ్లప్పుడు జరిగింది పదిహేడేళ్లకి చెప్తున్నాడు. వెనక్కి చూస్తున్నాడు, కానీ ఒక్క ఏడాదే. ఇంకా ఏదీ అర్థం కాలేదు వాడికి, గాయం కూడా పచ్చిగానే ఉంది. ఎస్.ఇ. హింటన్ 'ది ఔట్‌సైడర్స్' మొదలుపెట్టేనాటికి ఆమెకి పదిహేనేళ్లు, పుస్తకం 1967లో వచ్చింది. వెనక్కి చూసుకోవడానికి ఆమెకి వెనకాల పెద్దగా ఏమీ లేదు! మనకా వెసులుబాటు లేదు. అందుకే మనకి తెలిసినదాన్ని కథ చెప్పే పిల్ల దగ్గర దాచిపెట్టాలి.

ఇక అసలు సంగతి. ఆ సాయంత్రం ఆమె తల ఎందుకు ఎత్తలేదు? మీరు చెప్పలేదు. "పౌరుషం" అన్నారు. అది మీరు బయటినుంచి పెట్టిన పేరు. పదహారేళ్ల పిల్ల దగ్గర పౌరుషం ఉండదు, కారణం ఉంటుంది. అది ఎంత చిన్నదైనా సరే, ఆ క్షణంలో ఆమె దృష్టిలో నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. ఆ కారణమేంటో పాఠకుడికి ఇవ్వండి. ఆమె వైపు నిలబడి, ఆమె చేస్తున్నది కరెక్టే అన్నట్టు రాయండి. పేజీ మీద ఉన్నదానికన్నా పెద్దదేదో జరుగుతోందని చదివేవాళ్లకి వాళ్లంతట వాళ్లకే అర్థమవుతుంది. ఆ మాట ఆమెతో అనిపించకండి.

పెద్దవాళ్లని చంపక్కర్లేదు. అదో సులువైన దారి, అందుకే అందరూ అటు పోతారు. అమ్మానాన్నలు ఇంట్లోనే ఉండి, మంచివాళ్లై ఉండి, వాళ్ల గొడవలో వాళ్లుంటే ఇంకా బాగుంటుంది. చివరి నిర్ణయం మాత్రం అమ్మాయి చేతుల్లో ఉండాలి. అన్నయ్య ఎక్కడున్నాడో నాన్న ఫోన్లు చేసి కనుక్కుంటే అది నాన్న కథ అయిపోతుంది.

విషాదం గురించి: 1974లో రాబర్ట్ కార్మియర్ 'ది చాక్‌లెట్ వార్' రాశాడు. స్కూల్లో అందరికీ ఎదురు నిలబడిన కుర్రాడు చివరికి ఓడిపోతాడు. ముగింపు మార్చమని ప్రచురణకర్తలు అడిగినా ఆయన మార్చలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ చదువుతున్నారు. పిల్లలు విషాదాన్ని తట్టుకుంటారు. మధ్యలో కూర్చుని ఓదార్చేవాళ్లనే తట్టుకోలేరు.

లాస్ట్‌బెంచ్_17:

హాయ్ అండీ. మీరు ఎవరి కోసమైతే రాస్తున్నారో ఆ బ్యాచ్ నాది. నాకు పదిహేడేళ్లు.

ఎర్రసిరా గారు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను, ఒకచోట తప్ప. ముందే చెప్పేస్తే వెతకడం దేనికి అన్నారు కదా. 'ది బుక్ థీఫ్'లో కథ చెప్పేది మృత్యువు. ఎవరు చనిపోతారో ముందే చెప్పేస్తుంది. అయినా నేను ఆపకుండా చదివాను, చివర్లో ఏడ్చాను కూడా. మరి అది ఎలా పనిచేసింది?

ఇంకో రిక్వెస్ట్. దయచేసి మా స్లాంగ్ రాయకండి. పెద్దవాళ్లు రాసిన పుస్తకంలో ప్రతి డైలాగుకీ "బ్రో" వస్తే నేను అక్కడే మూసేస్తాను. ఇవాళ మేం వాడే మాట మీ పుస్తకం అచ్చయ్యేసరికి మా తమ్ముళ్లే నవ్వే మాట అవుతుంది. మేం ఎలా మాట్లాడతామో అని కాకుండా, ఏం మాట్లాడకుండా తప్పించుకుంటామో అది పట్టుకోండి. మా ఇంట్లో "ఏంట్రా, ఏమైంది" అంటే నా ఆన్సర్ ఎప్పుడూ "ఏం లేదు"నే. ఆ "ఏం లేదు"లో పది రకాలుంటాయి.

ఫోన్ కూడా. మీ కథలో అన్నయ్య తప్పిపోతే చెల్లెలు మొదట చేసే పని వాట్సాప్‌లో వాడి లాస్ట్ సీన్, అంటే చివరిసారి ఎప్పుడు ఆన్‌లైన్‌కి వచ్చాడో చూడటం. అది లేకపోతే నేను నమ్మను.

ఎర్రసిరా:

మంచి ప్రశ్న అడిగావు. నేనూ ఆ పుస్తకం గురించి ఆలోచించాను. అందులో ముందు జరగబోయేది తెలిసింది మృత్యువుకి. కథలోని పిల్లకి తెలీదు. ఆమె పాటికి ఆమె ఫుట్‌బాల్ ఆడుకుంటూ, పుస్తకాలు దొంగిలిస్తూ ఉంటుంది. తెలిసిన గొంతూ, బతుకుతున్న పిల్లా వేరువేరు కాబట్టే మనకి గుండె పట్టేస్తుంది. సగంనవల గారి కథలో ఆ రెండూ ఒక్క "నేను"లో ఇరుక్కున్నాయి. అంతేకాదు, ఆ మృత్యువు "ఆ వయసులో పిల్లలు ఇంతే" అని ఎక్కడా పాఠం చెప్పదు. సరదా సంగతేంటంటే, అదే పుస్తకం 2005లో ఆస్ట్రేలియాలో పెద్దల నవలగా వచ్చి, మరుసటి ఏడాది అమెరికాలో వైఏగా వచ్చింది. అట్ట మీది లేబుల్ అంత చంచలమైనది. దాన్ని చూసి రాయడం మొదలుపెట్టకూడదు.

లాస్ట్ సీన్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. సగంనవల గారూ, అది నోట్ చేసుకోండి.

పుస్తకాలగూడు:

లేబుల్ అన్నారు కాబట్టి ఒక మాట. 2012లో పుస్తకాల మార్కెట్ లెక్కలు తీసే బౌకర్ సంస్థ అమెరికాలో లెక్క తీస్తే, 12 నుంచి 17 ఏళ్ల వాళ్ల కోసమని వేసిన పుస్తకాలు కొన్నవాళ్లలో 55 శాతం మంది 18 దాటినవాళ్లే. అందులోనూ 30 నుంచి 44 ఏళ్ల వాళ్లు ఎక్కువ. మరి పెద్దవాళ్లే కొంటున్నప్పుడు, పెద్దవాళ్ల గొంతు ఉంటే నష్టమేంటి?

ఎర్రసిరా:

వాళ్లు వైఏ కొనేది తమలాంటివాళ్ల జ్ఞాపకాలు వినడానికి కాదు కదండీ. అవి కావాలంటే వాళ్లకి బోలెడన్ని నవలలున్నాయి. వైఏలో దొరికేది ఆ వయసులోని వేడి. అది తీసేసి పెద్దవాళ్లకి నచ్చేలా చేస్తే ఇటు పిల్లలూ చదవరు, అటు వాళ్లూ చదవరు.

సగంనవల:

అందరికీ థాంక్స్. ప్రింట్ తీసి గీతలు గీశాను. అధ్యాయాల చివర్లు ఎర్రగా అయిపోయాయి, మీరన్నట్టే. ఆ అమ్మాయి తల ఎందుకు ఎత్తలేదని అడిగారు కదా. కారణం నా డ్రాఫ్ట్‌లోనే ఉంది, మూడో అధ్యాయంలో జోకులా వాడేశాను. అన్నయ్య ఆమె హెడ్‌ఫోన్స్ విరగ్గొట్టాడు. దాన్ని ఇక్కడికి తెచ్చాను. చూడండి:

"అన్నయ్య గుమ్మం దగ్గర కూర్చుని షూ లేసులు కట్టుకున్నాడు. మామూలుగా అయితే ముడి విప్పకుండానే కాలు దూర్చేస్తాడు. ఇవాళ కట్టిన ముడి విప్పి మళ్లీ కట్టాడు. నేను ఏదన్నా అంటానేమోనని చూస్తున్నాడు. నాకు తెలుసు. నేను ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. విరగ్గొట్టింది వాడు. ముందు సారీ చెప్పాల్సింది వాడు. బ్యాగు జిప్పు చప్పుడైంది. 'వెళ్తున్నా' అన్నాడు. ఎవరితో అన్నాడో పేరు పెట్టలేదు కాబట్టి నేను పలకక్కర్లేదు. తలుపు మూసుకుంది. ఆ తలుపు మళ్లీ వాడి కోసం తెరుచుకోదని నాకప్పుడు తెలీదు."

ఎర్రసిరా:

ఇదీ నవలంటే. "పేరు పెట్టలేదు కాబట్టి నేను పలకక్కర్లేదు" అన్న లాజిక్ పెద్దవాళ్లకి తట్టదు. బ్యాగు ఎంత నిండుగా ఉందో కూడా ఆమె ఓరకంట చూసి ఉంటుంది. చూసినా పట్టించుకోనట్టు ఒక వాక్యం వేయండి, ఇంకా బాగుంటుంది.

లాస్ట్‌బెంచ్_17:

ఆఖరి వాక్యం తీసేయండి. మళ్లీ మీరొచ్చేశారు :)

మిగతాదంతా సూపర్. నేను మా అక్కతో ఇలాగే ఉంటాను.

సగంనవల:

అయ్యో, అదెలా దూరిందో! తీసేశాను. "తలుపు మూసుకుంది" దగ్గర ఆపేశాను. మరీ చటుక్కున తెగినట్టు లేదు కదా?

లాస్ట్‌బెంచ్_17:

లేదండీ. నేనైతే వెంటనే పేజీ తిప్పుతాను. రెండో అధ్యాయం కూడా పెట్టండి, ఆ సారీ ఎవరు చెప్తారో చూడాలి.