మోకాళ్ల నొప్పికి పీఆర్పీ ఇంజక్షన్: చేయించాలా, వద్దా?

గాజువాక కుర్రాడు
అమ్మకు 58 ఏళ్లు. కుడి మోకాలు చాన్నాళ్లుగా నొప్పి. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు అరుగుదల మధ్యరకంగా ఉంది, ఆపరేషన్ ఇప్పుడే వద్దు, పీఆర్పీ మూడు ఇంజక్షన్లు వేద్దాం అన్నారు. పీఆర్పీ అంటే మన రక్తమే కొంచెం తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని వేరుచేసి మోకాల్లోకి ఎక్కించడమట. మూడింటికీ కలిపి చెప్పిన రేటు నాన్న నెల పెన్షన్ దాటిపోయింది. ఇన్సూరెన్స్ రాదట. "మన రక్తమే కదా, నష్టమేముంది" అంటోంది అమ్మ. చేయించుకున్నవాళ్లు, వద్దనేవాళ్లు ఇద్దరూ చెప్పండి.

ఎంవీపీ వాకర్
చేయించు బాబూ. నేను చేయించుకున్నాను. వేసిన మర్నాడు మోకాలు వాచి మంచం దిగలేకపోయాను, ఆ సంగతి ముందే తెలుసుకో. తర్వాత మెల్లగా తగ్గింది. అంతకుముందు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో కాలూ వేసేదాన్ని. మొన్న సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లూ కాకపోయినా, తొలిపావంచా నుంచి హనుమంతవాక దాకా నడిచాను. నాకు అదే చాలు.

మహారాణిపేట ఫిజియో
వాకర్ గారూ, మీకు తగ్గిందన్నది నిజం. అది పీఆర్పీ వల్లే తగ్గిందా అన్నదే అసలు ప్రశ్న. ఆస్ట్రేలియాలో ఇదే తేల్చడానికి 288 మందిని తీసుకున్నారు, ఫలితాలు 2021లో వచ్చాయి. అందరూ 50 దాటినవాళ్లే, అరుగుదల కొద్దిగా లేదా మధ్యరకంగా ఉన్నవాళ్లే, అచ్చం వీళ్లమ్మగారిలాగా. సగం మందికి వారానికొకటి చొప్పున మూడు పీఆర్పీలు, మిగతా సగానికి ఉప్పునీళ్లు, అంటే సెలైన్. ఎవరికి ఏది పడిందో వాళ్లకు తెలియదు. ఏడాది తర్వాత పదికి లెక్కేసే నొప్పి పీఆర్పీవాళ్లకు 2.1 తగ్గింది, సెలైన్‌వాళ్లకు 1.8 తగ్గింది. ఆ తేడా లెక్కలోకి రాదు. మృదులాస్థి, అంటే కీలులో ఎముకల చివర ఉండే మెత్తటి పొర, దాని అరుగుదలా రెండు వైపులా దాదాపు ఒకటే. ఉప్పునీళ్లకూ అంత తగ్గిందంటే, పెన్షన్ మొత్తం పెట్టమని నేను చెప్పలేను.

ల్యాబ్ మనిషి
ఆ పరీక్షపై నాకో అభ్యంతరం ఉంది. అందులో వాడిన పీఆర్పీలో ప్లేట్‌లెట్లు మామూలు రక్తంలో కంటే కొంచెమే ఎక్కువ. మనిషి రక్తంలో మైక్రోలీటరుకు 1.5 నుంచి 4.5 లక్షలు ఉంటాయి. పీఆర్పీ అంటే 10 లక్షలైనా ఉండాలని చాలామంది పాటించే లెక్క. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, పైన పసుప్పచ్చ ప్లాస్మా తేలుతుంది, మధ్యలో పల్చటి తెల్లటి పొర ఉంటుంది. ఎంత స్పీడు, ఎంతసేపు, ఒకసారా రెండుసార్లా అన్నదాన్ని బట్టి చేతికొచ్చే సరుకు మారిపోతుంది. తెల్లకణాలు ఉంచారా, తీసేశారా అన్నది ఇంకో తేడా. కాబట్టి రెండు క్లినిక్కుల పీఆర్పీ ఒకే మందు కాదు.

మహారాణిపేట ఫిజియో
ఒప్పుకుంటాను. కానీ ఆ మాట క్లినిక్కుకే ఎదురు తిరుగుతుంది కదండీ. మోతాదు సరిపోతేనే పనిచేస్తుందంటే, ఎక్కించే ముందు ఆ ట్యూబులో ఎంత ఉందో లెక్కపెట్టాలి. మా దగ్గరికి వచ్చే పేషెంట్ల కాగితాల్లో ఆ అంకె నాకు కనబడదు. లెక్కపెట్టని మందుకు అంత రేటు ఎలా అడుగుతారు?

పెద్ద సంఘాలూ ఒక్క మాట మీద లేవు. అమెరికా రుమటాలజీ కాలేజీ, అంటే అక్కడి కీళ్లవాతం డాక్టర్ల సంఘం, 2019లో మోకాలికి పీఆర్పీ వద్దని గట్టిగా చెప్పింది. అక్కడి ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీ 2021లో నొప్పి తగ్గించవచ్చు అంది, కానీ ఆధారం పరిమితమని రాసింది.

"మన రక్తమే కదా" అన్న ధీమా మాత్రం వద్దు. న్యూమెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ముఖానికి పీఆర్పీ చేయించుకున్న ముగ్గురికి హెచ్ఐవీ వచ్చింది. రక్తం ఎవరిదైనా సూదీ ట్యూబూ కొత్తవి కావాలి, మన కళ్లెదుటే విప్పాలి.

ఎంవీపీ వాకర్
స్టెరాయిడ్ ఇంజక్షన్ కంటే ఇది నయం కదా? ముందు నాకు అదే వేశారు.

మహారాణిపేట ఫిజియో
మూడు నెలలకొకటి చొప్పున రెండేళ్లు స్టెరాయిడ్ వేస్తే మృదులాస్థి ఎక్కువ అరిగిందని 2017లో తేలింది, అది నిజమే. అయినా నేను ముందు చెప్పేది తొడ కండ బలం, బరువు తగ్గడం. అవి చేయకుండా ఏ ఇంజక్షన్‌కూ వెళ్లొద్దు.

గాజువాక కుర్రాడు
అమ్మకు అన్నీ చదివి వినిపించాను. ప్లేట్‌లెట్ కౌంట్ చేస్తారా, తెల్లకణాలు తీస్తారా అని సోమవారం డాక్టరుగారిని అడుగుతాం. ఈలోగా తొడకు ఏం చేయించాలి?

మహారాణిపేట ఫిజియో
కుర్చీలో కూర్చోబెట్టి కాలు నిటారుగా చాపించండి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించమనండి. ఇప్పుడే బరువు కట్టొద్దు. మర్నాటికి నొప్పి పెరిగితే సగానికి తగ్గించండి, అంతేగానీ మానేయనివ్వకండి.