ఈసెట్‌తో సెకండియర్ మెకానికల్‌లో చేరాను, సాలిడ్స్, థర్మో ఎలా పట్టుకోవాలి?

సిక్కోలు కుర్రోడు:
శ్రీకాకుళంలో డిప్లొమా మెకానికల్ అయింది. ఈసెట్ రాసి విజయనగరం దగ్గర కాలేజీలో నేరుగా సెకండియర్‌లో చేరాను. రోజూ ఆమదాలవలసలో రైలెక్కి రావడం, పోవడం. డ్రాయింగుకి ఇబ్బంది లేదు. మెకానిక్స్ ఆఫ్ సాలిడ్స్‌లో బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ (బీమ్‌ని వంచే ప్రభావం ఎక్కడ ఎంతో చూపే బొమ్మ) మాత్రం సొంతంగా వేస్తే ఎక్కడో ప్లస్సు, మైనస్సు తారుమారైపోతున్నాయి. థర్మోడైనమిక్స్‌లో స్టీమ్ టేబుల్ (ఏ పీడనం దగ్గర ఆవిరి గుణాలు ఎంతో ఇచ్చే పట్టిక) దగ్గర పెట్టుకుని చేసినా ఆన్సరు కలవట్లేదు. మొదటి మిడ్ పరీక్షకి ఐదు వారాలుంది. ముందు ఏటి పట్టుకోమంటారు సార్?

గంటస్తంభం:
ముందు సాలిడ్సే పట్టుకో తమ్ముడూ. మెషీన్ డిజైన్ అంతా దీనిమీదే నిలబడుతుంది. ఈసెట్‌లో వచ్చినవాళ్లకి ఫస్టియర్ ఇంజినీరింగ్ మెకానిక్స్ తప్పిపోతుంది, చిక్కంతా అక్కడే. పది రోజులు ఫ్రీ బాడీ డయాగ్రమ్ (వస్తువుని విడిగా గీసి దానిమీది బలాలన్నీ చూపే బొమ్మ), సపోర్టు రియాక్షన్లు (సపోర్టులు తిరిగి పైకి నెట్టే బలాలు) తప్ప ఇంకేదీ ముట్టుకోకు.

తర్వాత ఈ ఒక్క లెక్క చెయ్యి. 6 మీటర్ల బీమ్, రెండు చివర్లా మామూలు సపోర్టులు. బీమ్ పొడవునా మీటరుకి 3 కిలోన్యూటన్ల లోడు, ఎడమ చివర నుంచి 2 మీటర్ల దగ్గర 12 కిలోన్యూటన్ల పాయింట్ లోడు. మొత్తం బరువు 18 + 12 = 30. పరుచుకున్న 18 చెరిసగం, 12లో దగ్గరున్న ఎడమ సపోర్టుకి 8, కుడికి 4. ఎడమ రియాక్షన్ 9 + 8 = 17, కుడి రియాక్షన్ 9 + 4 = 13. ఇక ఎడమ నుంచి నడుచుకుంటూ పో. షియర్ (బీమ్‌ని అడ్డంగా కోసే బలం) 17తో మొదలవుతుంది, పాయింట్ లోడుకి కాస్త ఇవతల 17 − 6 = 11, కాస్త అవతల −1, కుడి చివర −13. అక్కడ రియాక్షన్ 13 కలిస్తే సున్నా. సున్నాకి రాకపోతే ముందుకు పోవద్దు, రియాక్షన్లే తప్పు.

షియర్ ప్లస్సు నుంచి మైనస్సుకి దాటిన చోటే మూమెంట్ గరిష్ఠం: 17×2 − 6×1 = 28 కిలోన్యూటన్ మీటర్లు. అక్కడిదాకా షియర్ డయాగ్రమ్ వైశాల్యం కట్టు: (17 + 11)/2 × 2 = 28. కుడివైపు వైశాల్యం (1 + 13)/2 × 4, అదీ 28. ఈ సరిచూపు చేతిలో ఉంటే గుర్తు ఎక్కడ తిరగబడిందో నీకే దొరుకుతుంది.

స్ట్రెస్ (వైశాల్యం మీద పడే బలం) కట్టేటప్పుడు ఎక్కువమంది పడేది యూనిట్ల దగ్గర. కిలోన్యూటన్ మీటరుని న్యూటన్ మిల్లీమీటర్లలోకి మార్చాలంటే పది లక్షలతో గుణించాలి, వెయ్యితో కాదు. 100 × 200 మిల్లీమీటర్ల బీమ్‌ని 200 వైపు నిలువుగా ఉండేలా పెడితే సెక్షన్ మాడ్యులస్ (వంపుని తట్టుకునే ఆకారబలం) 100×200×200/6, ఆ 28 మూమెంట్‌ని దీంతో భాగిస్తే స్ట్రెస్ 42 న్యూటన్లు ప్రతి చదరపు మిల్లీమీటరుకి. అదే బీమ్‌ని పడుకోబెడితే 84. దూలాన్ని నిలువుగా వేసే వడ్రంగికి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు.

నాగావళి:
థర్మోలో ఆన్సరు కలవకపోవడానికి టేబుల్ కారణం కాదు, టేబుల్లోకి ఏ అంకెతో వెళ్లావన్నదే. సంకిలి చక్కెర ఫ్యాక్టరీ లాంటి చోట బాయిలర్ గేజ్ 9 బార్ చూపిస్తే, టేబుల్లో చూడాల్సింది సుమారు 10 బార్. వాతావరణ పీడనం కలపాలి. 10 బార్ దగ్గర ద్రవ ఎంథాల్పీ (మరిగే నీటిలోని వేడి) 762.8, గుప్తోష్ణం (ఆ నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి) 2015.3. డ్రైనెస్ (తడి ఆవిరిలో పూర్తిగా ఆవిరైన వంతు) 0.9 అయితే 762.8 + 0.9×2015.3 = 2576.6 కిలోజౌళ్లు, కిలోకి. డ్రైనెస్‌ని మొత్తానికి గుణించేవాళ్లున్నారు, అది గుప్తోష్ణానికే.

కండెన్సర్ (ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చేది) లెక్కల్లో దెబ్బ ఇంకా గట్టిది. బారోమీటర్ 760 మిల్లీమీటర్లు, వాక్యూమ్ 700 అంటే లోపల మిగిలింది 60 మిల్లీమీటర్లే, అంటే 0.08 బార్, ఆవిరి సుమారు 41.5 డిగ్రీలు. 700నే పీడనం అనుకుంటే 97 డిగ్రీలు దాటిపోతుంది.

ఇక సామర్థ్యం లెక్కల్లో ఉష్ణోగ్రత కెల్విన్‌లోనే, అంటే సెల్సియస్‌కి 273 కలపాలి. 327, 27 డిగ్రీల సెల్సియస్ మధ్య కార్నో ఇంజిన్ (లెక్కల్లో అత్యధిక సామర్థ్యం ఇచ్చే ఆదర్శ ఇంజిన్) సామర్థ్యం 50 శాతం. సెల్సియస్ పెడితే 92 శాతం దాకా వస్తుంది.

నెల్లిమర్ల:
ల్యాబ్‌ని కూడా కలుపుకో. టెన్షన్ టెస్టులో 10 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ రాడ్‌కి గేజ్ లెంగ్త్ (సాగుదల కొలిచే రెండు గుర్తుల మధ్య దూరం) 50 మిల్లీమీటర్లు, వ్యాసానికి ఐదింతలు. పంచ్ గుర్తులు పైపైనే పెట్టు, లోతైతే అక్కడే తెగుతుంది. తెగే లోడు గరిష్ఠ లోడు కన్నా తక్కువ వస్తే మెషీన్ తప్పనుకోకు. రాడ్ మెడ సన్నబడింది కాబట్టి తగ్గింది. ముక్కలు రెండూ గట్టిగా కలిపిపట్టి గుర్తుల మధ్య కొలిస్తే 63 వచ్చిందనుకో, సాగుదల 26 శాతం.

మిడ్ లెక్క: రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం వెయిటేజీ. మొదటిది కాస్త తగ్గినా రెండోది కాపాడుతుంది. ఎండ్ ఎగ్జామ్‌లో మాత్రం 35 శాతం విడిగా రావాలి.

సిక్కోలు కుర్రోడు:
28 వచ్చింది సార్, రెండువైపుల నుంచీ. అదే బీమ్ సపోర్టు దాటి 2 మీటర్లు బయటికి ఉంటే?

గంటస్తంభం:
బయటి ముక్క మీద అదే 3 కిలోన్యూటన్ల లోడు అనుకో. ఆ సపోర్టు దగ్గర మూమెంట్ 3×2×1 = 6, మైనస్‌లో. అంటే అక్కడ బీమ్ పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. ఇంటి సన్‌షేడ్‌లో మెయిన్ ఊచలు పైభాగంలో కట్టేది ఇందుకే. కాంక్రీటు పోసేటప్పుడు కాలు పడి అవి కిందికి దిగిపోతే, గోడ అంచు దగ్గర పైనుంచే పగులుతుంది.