సర్ఫేస్ డ్యుయో 1: ఉన్న ఒక్క కెమెరాతో ఎలా వేగాలి?

పాలపిట్ట37

నమస్తే అందరికీ. మైక్రోసాఫ్ట్ వారి రెండు తెరల మడత ఫోన్ సర్ఫేస్ డ్యుయోలో మొదటిది, అంటే 2020లో వచ్చింది, ఇక్కడ టెక్సస్‌లో రిఫర్బిష్డ్ చవగ్గా దొరికితే తీసుకున్నాను. రెండు తెరల మీద పని చేసుకోవడం వరకు దీనికి వంక పెట్టడానికి లేదు. చిక్కంతా కెమెరాతోనే. నాకు కావలసినవి మూడే: ఊళ్ళో అమ్మావాళ్ళతో వాట్సాప్ వీడియో కాల్, కాగితాలు స్కాన్ చేయడం, అప్పుడప్పుడు ఇంట్లో నాలుగు ఫోటోలు.

- అడ్డంగా పట్టుకుని తీస్తే ఫోటోలో వేలు పడుతోంది.
- రాత్రి ఇంట్లో లైట్ల కింద తీస్తే మనుషులు అలికినట్టు వస్తున్నారు.
- లాప్‌టాప్‌లా మడిచి టేబుల్ మీద పెట్టి కాల్ చేస్తే ఒక్కోసారి అవతలివాళ్ళకు నా ముఖం బదులు సీలింగ్ ఫ్యాన్ కనిపిస్తోందట.
- జీక్యామ్ (గూగుల్ కెమెరా యాప్) వేస్తే ఏమైనా మారుతుందా? లేక ఇది అమ్మేసి డ్యుయో 2 చూసుకోవాలా?

ఆండ్రాయిడ్ 12ఎల్ మీద ఉంది. ఇక అప్‌డేట్లు రావని తెలుసు.

---

కుడితెర

ముందు వేలు సంగతి. ఈ ఫోన్‌కు ముందు కెమెరా వేరు, వెనక కెమెరా వేరు అని లేవు. కుడి తెర పై అంచులో ఉన్న 11 మెగాపిక్సెల్ కెమెరా ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. ఎదురుగా ఉన్నదాన్ని తీయాలంటే ఫోన్‌ను పూర్తిగా వెనక్కి, 360 డిగ్రీలు మడవాలి. అప్పుడు కెమెరా ఉన్న కుడి తెర అవతలి వైపుకు పోతుంది, ఎడమ తెర మీ వైపు ఉంటుంది. మీ వైపు తెర నల్లగా ఉంటే దాని మీద రెండుసార్లు తట్టండి, బొమ్మ ఇటు వస్తుంది.

ఇప్పుడు చేతిలో ఏది ఎక్కడుందో చూడండి. మడత మీ కుడి పక్కన, వాల్యూమ్, పవర్ బటన్లు మీ ఎడమ పక్కన ఉంటాయి. ఈ స్థితిలో ఫోన్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పండి. బటన్ల అంచు పైకి వస్తుంది, వాల్యూమ్ సరిగ్గా కుడి చూపుడువేలి కిందికి వస్తుంది. అదే ఫోటో తీసే షటర్ బటన్. పాత డిజిటల్ కెమెరా పట్టుకున్నట్టే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా, లెన్స్ కూడా అదే కుడి కొసన వెనక వైపు ఉంటుంది. చూపుడువేలు పైన ఉండగానే మధ్యవేలు, ఉంగరపు వేలు అలవాటుగా వెనక్కి వెళ్ళి ఆనుకుంటాయి. మీ ఫోటోల్లో పడుతున్నది ఆ మధ్యవేలే అయి ఉంటుంది. ఆ రెండు వేళ్ళనూ లోపలికి ముడవండి, కింది అంచును బొటనవేలితో ఆపండి, బరువు ఎడమ చేతి మీద వేయండి. 250 గ్రాముల ఫోన్, ఎడమ చేయి మోయగలదు.

అడ్డంగా తీయాల్సిన పని లేకపోతే నిలువుగానే తీయండి. నిలువులో లెన్స్ పై అంచున ఉంటుంది, వేళ్ళు అంత పైకి పోవు. తెర 4:3, ఫోటో కూడా 4:3 కాబట్టి నిలువు ఫోటో తెరకు నిండుగా అమరుతుంది.

ఇక సీలింగ్ ఫ్యాన్. లాప్‌టాప్‌లా పెట్టేటప్పుడు ఫోన్‌ను ఏ వైపు తిప్పారన్నదే అసలు విషయం. పుస్తకంలా తెరిచి నిలువుగా పట్టుకుని, గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పండి. కుడి తెర పైకి వస్తుంది, అది నిలబడే భాగం అవుతుంది. కెమెరా దాని ఎడమ అంచున ఉంటుంది, మీ వైపే చూస్తుంది. రెండో దిశలో తిప్పితే కుడి తెర టేబుల్ మీద వెల్లకిలా పడుకుంటుంది, కెమెరా నేరుగా పైకప్పును చూస్తుంది. కాల్‌లో వాట్సాప్ పై తెర మీదే ఉండాలి. అది కింది తెర మీద తెరుచుకుంటే, ఆ తెర అడుగు అంచు నుంచి వేలితో పైకి లాగి, వదలకుండా పక్క తెర మీదికి జరపండి.

కెమెరా పక్కన ఉంటుంది కాబట్టి మీ చూపు కాస్త పక్కకు ఉన్నట్టు అవతల కనిపిస్తుంది. దానికి మందు లేదు. నేరుగా చూస్తున్నట్టు ఉండాలంటే పుస్తకంలా నిలువుగా తెరిచి, వెనక ఏదైనా ఆనించి పెట్టండి. అప్పుడు కెమెరా కుడి తెర నెత్తిన ఉంటుంది. వాట్సాప్ కుడి తెర మీద, మీకు కావలసిన నోట్సో క్యాలెండరో ఎడమ తెర మీద. నన్నడిగితే ఈ ఫోన్ కెమెరాను పెట్టిందే ఈ పని కోసం, మిగతావన్నీ దాని చేత బలవంతంగా చేయిస్తున్నాం.

చార్జింగ్ పెట్టి లాప్‌టాప్ భంగిమలో గంటలకొద్దీ మాట్లాడకండి. పోర్టు నిలబడిన భాగం కుడి పక్కన ఉంటుంది, కేబుల్ బరువంతా దాని మీద వేలాడుతుంది. తెరిస్తే 4.8 మిల్లీమీటర్లే మందం ఉన్న ఫోన్ ఇది. పోర్టు చుట్టూ ఫ్రేమ్ ఇంకా పలచన, పగుళ్ళు మొదలయ్యేది అక్కడే.

---

చీకటిగది

రాత్రి ఫోటోల గురించి. మీ ఫోన్ పాడవలేదు, దాని శక్తే అంత. పిక్సెల్ 1.0 మైక్రాన్, అపర్చర్ ఎఫ్ 2.0, అంటే వెలుతురు తక్కువే పడుతుంది. పైగా చేతి వణుకును లెన్స్ దగ్గరే సర్దే ఓఐఎస్ లేదు. వెలుతురు చాలకపోతే కెమెరా షటర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆ కాస్త సేపట్లో మీ చేయి వణికితే ఫోటో మొత్తం చెదురుతుంది, మనిషి కదిలితే మనిషి మాత్రమే చెదురుతాడు. ఈ రెంటికీ మందులు వేరు, చాలామంది ఒకే మందు వేస్తారు.

చేతి వణుకైతే: ఫోన్‌ను గుడారంలా నిలబెట్టండి. మడత పైకి, రెండు తెరలూ బయటికి, తిరగేసిన వి ఆకారంలో. కెమెరా అవతలి వైపు, ఎడమ తెర మీ వైపు. టైమర్ 3 సెకన్లు పెట్టి చేయి తీసేయండి. గుడారం ఎంత వెడల్పుగా తెరిస్తే కెమెరా అంత పైకి చూస్తుందని మరవకండి. రెండు భాగాల మధ్య 40 డిగ్రీలుంటే కెమెరా 20 డిగ్రీలు పైకెత్తి ఉంటుంది, అందరి తలల పైన గోడే వస్తుంది. నిలబడగలిగినంత సన్నగా మూసి, మీ వైపు కాలు కింద మడిచిన రుమాలు పెడితే కెమెరా ఇంకాస్త కిందికి వంగుతుంది.

మనిషి కదులుతున్నాడంటే: నైట్ మోడ్ వల్ల లాభం లేదు, పైగా నష్టం. అది చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, కదిలిన చేయి రెండుగా కనిపిస్తుంది. పిల్లలైతే ట్యూబ్‌లైట్‌కు దగ్గరగా, లైటు వాళ్ళ ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి. అదీ కుదరకపోతే 1080పి, 60 ఫ్రేముల వీడియో తీసి అందులోంచి ఒక ఫ్రేము తీసుకోండి. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు షటర్ సెకనులో 60వ వంతుకు మించి తెరిచి ఉండలేదు, అందుకని చెదరడం తగ్గుతుంది. చుక్కలు చుక్కలుగా వస్తుంది, 2 మెగాపిక్సెళ్ళే ఉంటుంది. వాట్సాప్‌లో పంపడానికి అది చాలు.

జూమ్ 7 రెట్ల వరకు ఉందని చూసి మోసపోకండి, అదంతా కత్తిరింపే. 2 రెట్లు జూమ్ చేస్తేనే 11 మెగాపిక్సెళ్ళలో పావు వంతు, మూడు కంటే తక్కువ మిగులుతాయి. 2 దాటకండి, నాలుగు అడుగులు ముందుకు నడవండి.

జీక్యామ్ వేయండి, తప్పకుండా. దీని ప్రాసెసర్ స్నాప్‌డ్రాగన్ 855, ఆ చిప్ ఫోన్లకు సరిపడే పోర్టులు, అంటే వేరే ఫోన్లలో నడిచేలా మార్చిన జీక్యామ్‌లు, బోలెడు ఉన్నాయి. పగటి ఫోటోల్లో నీడల వివరం, చర్మం రంగు, రెండూ కంపెనీ యాప్ కంటే మెరుగ్గా వస్తాయి. వేసే పద్ధతి:

1. ఏపీకే ఫైలు (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దించి, ఏ యాప్‌లోంచి తెరుస్తున్నారో దానికి మాత్రమే తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఇవ్వండి. పని కాగానే ఆ అనుమతి తీసేయండి.
2. కెమెరా, మైక్, స్టోరేజీ తప్ప ఇంకేదైనా, ముఖ్యంగా ఎస్ఎమ్మెస్‌లు గానీ కాంటాక్టులు గానీ అడిగితే ఆ ఫైలు తీసి పారేయండి.
3. కాన్ఫిగ్ ఫైలు (ముందే సర్దిన సెట్టింగుల ఫైలు) ఉంటే ఆ పోర్టు చెప్పిన ఫోల్డర్‌లో వేసి, షటర్ పక్కన ఖాళీ నలుపు చోట రెండుసార్లు తట్టండి. చాలా పోర్టుల్లో ఎంచుకునే పెట్టె అక్కడే తెరుచుకుంటుంది.
4. పోర్ట్రెయిట్‌లోనో నైట్ సైట్ (జీక్యామ్ నైట్ మోడ్) లోనో యాప్ మూసుకుపోతుంటే ముందు యాప్ డేటా చెరిపి చూడండి. అప్పటికీ కుదరకపోతే వేరే పోర్టు.

వీడియోకు మాత్రం కంపెనీ యాపే వాడండి. 4కె 60 దీంట్లో ఉన్నా, ఇంత పలచని ఒంట్లో వేడి తొందరగా ఎక్కుతుంది. 1080పి 30 చాలు.

---

రెండుతెరలు

జీక్యామ్ విషయంలో చీకటిగది గారితో సగమే ఏకీభవిస్తాను. నిలకడగా ఉన్నవాటికి బాగుంటుంది. కానీ ఫోన్ జేబులోంచి తీసి, తెరిచి, వెనక్కి మడిచి, తట్టి, యాప్ తెరిచేసరికి ఆ క్షణం దాటిపోతుంది. దానికితోడు చాలా ఫ్రేములు కలిపే హెచ్‌డీఆర్ ప్రాసెసింగ్ ఆలస్యం. పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా తెరుచుకునే సెట్టింగ్ పెట్టుకోండి. అయితే ఫోన్ మూసి ఉంటే కెమెరా లోపలే ఉంటుంది, ఏ బటనూ పని చేయదు. ఫోటోలు తీసే సందర్భం ఉందనిపిస్తే ముందే వెనక్కి మడిచి చేతిలో పెట్టుకోవడమే దారి.

డ్యుయో 2 గురించి ఎవరూ చెప్పని మాట: మీ మొదటి చిక్కుకు అది మందు కాదు. కాగితం మీద బాగానే ఉంటుంది. మూడు కెమెరాలు, ప్రధాన కెమెరా 12 మెగాపిక్సెల్, పిక్సెల్ 1.4 మైక్రాన్, ఎఫ్ 1.7, ఓఐఎస్, ఇంకా 2 రెట్ల టెలిఫోటో. రాత్రి ఫోటోలో తేడా నిజంగా కనిపిస్తుంది. కానీ ఆ కెమెరాల దిమ్మ బయటి వీపు మీద ఉంటుంది. ఫోన్‌ను పూర్తిగా వెనక్కి మడిస్తే ఆ దిమ్మ రెండు భాగాల మధ్య ఇరుక్కుని లెన్సులు మూసుకుపోతాయి. అందుకని ఫోటో తీయాలంటే పుస్తకంలా తెరిచి రెండు చేతులతో పట్టుకోవాలి, బరువు 284 గ్రాములు. దానికీ 2024 అక్టోబరుతో అప్‌డేట్లు ఆగిపోయాయి, మీదానికి 2023 సెప్టెంబరుతో ఆగినట్టే. వీడియో కాల్స్, స్కానింగ్ కోసం డబ్బు పెట్టి దానికి మారడం దండగ. ఫోటోలే ముఖ్యమైతే ఏదైనా మామూలు పాత ఫోన్ ఒకటి జేబులో వేసుకోండి.

ఇండియాలో ఉన్నవాళ్ళు రెండు తెరలనగానే ఎల్‌జీ జీ8ఎక్స్ గుర్తు చేసుకుంటారు, 2020 అక్టోబరు ఆన్‌లైన్ సేల్‌లో 19,990కి వచ్చింది కదా. దాని రెండో తెర విడి తొడుగు, 134 గ్రాములు. ఫోటో తీయాలంటే తొడుగులోంచి ఫోన్ ఊడబెరికితే చాలు, ఓఐఎస్ ఉన్న మామూలు ఫోన్ అయిపోతుంది. కెమెరా వరకు ఆ పద్ధతే తెలివైనదని నా అభిప్రాయం. ఎల్‌జీ 2021లో ఫోన్లే మానేసింది, అది వేరే కథ.

స్కానింగ్‌కు: వెనక్కి మడిస్తే ఇది 93 మిల్లీమీటర్ల వెడల్పు పలక. నెత్తి మీద లైటు ఉంటే దాని నీడ సరిగ్గా కాగితం మధ్యలో పడుతుంది. కాగితాన్ని కిటికీ పక్కన పెట్టి, వెలుగు పక్క నుంచి వచ్చేలా చూసుకోండి. ఫ్లాష్ వేయకండి, లామినేషన్ ఉన్న కార్డుల మీద తెల్లటి మచ్చ పడుతుంది. ఒక అడుగు ఎత్తు నుంచి తీయండి. అక్షరాలు పెద్దగా రావాలని మరీ దగ్గరకు పోతే ఫోకస్ తప్పుతుంది. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న స్కాన్ చాలు, అంచులు కత్తిరించి పీడీఎఫ్ చేసి ఇస్తుంది.

---

పాలపిట్ట37

అందరికీ చాలా థ్యాంక్సండీ. మధ్యవేలు మాట నూటికి నూరుపాళ్ళు నిజం, ఇప్పుడే చూశాను. ఎదురు దిశలో తిప్పితే ఫ్యాన్ కూడా పోయింది. ఇంకొక్కటి: రాత్రి వీధి లైట్ల చుట్టూ పొగలా తెల్లటి వలయం వస్తోంది. లెన్స్ లోపల దుమ్ము చేరిందా?

---

కుడితెర

లోపల కాకపోవచ్చు. లెన్స్ ఉన్నది తెర అద్దం కిందే. వెనక్కి మడిచి పట్టుకున్న ప్రతిసారీ వేళ్ళ జిడ్డు దాని మీదికి చేరుతుంది. నోటి ఆవిరి పట్టి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, అదే లైటును మళ్ళీ తీయండి. వలయం పోతే జిడ్డే.

పోకపోతే స్క్రీన్ గార్డ్ చూడండి. రిఫర్బిష్డ్ సెట్లకు కొన్నిసార్లు అమ్మేవాళ్ళే గార్డ్ అంటించి ఇస్తారు. కుడి తెర గార్డ్‌కు కెమెరా దగ్గర రంధ్రం లేకపోతే ప్రతి ఫోటో ఆ ప్లాస్టిక్ గుండానే తీస్తున్నట్టు. పైఅంచు నుంచి మెల్లగా లేపి తీసేయండి, కావాలంటే కెమెరా చోటు కత్తిరించినది కొత్తది వేయించుకోండి.

మూసే ముందు రెండు తెరల మీదా గుడ్డతో ఒకసారి తుడవడం అలవాటు చేసుకోండి. ఒక్క ఇసుక రేణువు మధ్యలో ఉండిపోయినా రెండు అద్దాల మీదా గీత పడుతుంది. ఆ గీత కెమెరా మీద పడితే ఇక తుడిచి లాభం లేదు.