బడి రోజుల్లోనే కడుపునొప్పి: పంపాలా, ఇంట్లో ఉంచాలా?

పర్లాకిమిడిలో ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి దసరా సెలవుల తర్వాత నుంచి, బడి ఉన్న రోజుల్లో మాత్రమే, ఉదయం 6:30 ప్రాంతంలో కడుపునొప్పి, వికారం మొదలై బడివేళ దాటగానే తగ్గిపోతున్నాయి. ఆదివారాల్లో అసలు రావడం లేదు. రక్తపరీక్షలూ స్కానింగూ మామూలుగానే ఉన్నాయి. తరగతి ఉపాధ్యాయుడితో మాట్లాడి కూర్చునే చోటు మార్పించినా గుణం కనబడలేదు. ఎవరైనా బెదిరిస్తున్నారా అని అడిగితే తల దించుకుంటాడే తప్ప జవాబివ్వడు; ఆ మౌనమే నన్ను ఎక్కువగా భయపెడుతోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయగా, గుచ్చి గుచ్చి అడగవద్దనీ, పిల్లల మానసిక వైద్యుడికి చూపించమనీ సూచించారు. అందుకు వచ్చే వారం బరంపురం వెళ్తున్నాము. అంతవరకు బాబును రోజూ బడికి పంపడం మంచిదా, లేక కారణం తెలిసేదాకా ఇంట్లో ఉంచడం మంచిదా, అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరా?