సమస్యాపూరణం: “తల్లి లేదాయె, చావు మాత్రమ్ము లేదు”

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం, విషయం కణ విభజన. జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమింగ్ బల్లిని పోలిన ఉభయచరమైన సాలమాండర్ పిల్లల కణాలకు రంగులద్ది, కేంద్రకంలోని దారాలు (క్రోమోజోములు) నిలువునా చీలి రెండు వైపులకూ చేరడాన్ని 1882 నాటి తన గ్రంథంలో బొమ్మలు గీసి చూపాడు. పద్యం గణయతులకు ఎంత కట్టుబడాలో, ఆ దారాల నడకకూ అంతే కట్టుబడాలని నా కోరిక.

మొదటి పూరణ (విశ్రాంత తెలుగు పండితులు):

ఒక్క కణమయ్యె రెండుగా నొప్పు మీఱ,
ఉన్న సొత్తును సగముగా నొసగి విడిచె;
బిడ్డ లిరువురు మిగిలిరి పెంపు తోడ;
తల్లి లేదాయె, చావు మాత్రమ్ము లేదు.

నిర్వాహకుడు: అయ్యా, నడక సలక్షణంగా ఉంది. చిక్కల్లా రెండో పాదంలోనే. కణద్రవ్యం వరకైతే “సగముగా” అన్న మాట చెల్లుతుంది. మనిషి కణంలోని 46 క్రోమోజోములను అలా పంచితే మాత్రం ఒక్కొక్క బిడ్డకు 23 మాత్రమే దక్కుతాయి, అది బీజకణాలు ఏర్పడే క్షయకరణ విభజనలో కనిపించే లెక్క. శరీర కణం చీలే ముందు ఎస్ దశలో డీఎన్ఏ అంతటికీ ప్రతి తయారుచేసుకుంటుంది, పంపకం ఆ తరువాతే.

రెండో పూరణ (జీవశాస్త్ర ఉపాధ్యాయిని): పై చర్చ చూశాక రాశాను.

నకలు సిద్ధమ్ముగాఁ జేసి నలువదాఱు
దారములకెల్ల, నడుమను బారు తీర్చి,
కండె పోగులు లాగంగఁ గవలకిచ్చె;
తల్లి లేదాయె, చావు మాత్రమ్ము లేదు.

నిర్వాహకుడు: అమ్మా, అభినందనలు. “దార–బారు” ప్రాసయతి హాయిగా అమరింది, దశలన్నీ వరుస తప్పకుండా వచ్చాయి. ఒక్క క్రోమోజోమును రెండు వైపుల కండె పోగులూ (క్రోమోజోములను చెరో వైపుకు లాగే సన్నని తంతువులు) పట్టుకోకపోయినా కణం ముందుకు సాగక ఆగుతుంది కాబట్టి, “బారు తీర్చి” తరువాతే “లాగంగ” రావడం శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. ఈ దశలను అడ్డుకునే క్యాన్సర్ మందులూ ఉన్నాయి. మీ మొదటి పాదంలోని నకలు తీసే పనిని ఆపేది అమైనోప్టెరిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికా మందుల సంస్థ లెడర్లీలో తయారుచేసిన ఆ మందును వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు వాడి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గడాన్ని 1948లో ప్రకటించాడు. మూడో పాదంలోని పోగులను అల్లుకోనివ్వనిది మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరులోని విన్‌క్రిస్టిన్.

మూడో పూరణ (కొత్త సభ్యుడు, ఒక పాదమే): కణము రెండుగ నయ్యెను చూడుమయ్య

నిర్వాహకుడు: యతి తప్పింది. “కణము రెండుగ నయ్యెను గనుఁడు మీరు” అంటే సరి. మిగతా పాదాలు పంపండి.

నాలుగో పూరణ (వైద్య విద్యార్థి): హెన్రియెట్టా లాక్స్‌ను తలచుకొని.

బాల్టిమోరున రోగంపు బాధ తోడ
కన్ను మూసిన యమ్మదౌ కణము నిలిచి
గాజు గిన్నెలఁ జీలుచుఁ గడపు నేండ్లు;
తల్లి లేదాయె, చావు మాత్రమ్ము లేదు.

నిర్వాహకుడు: నాయనా, ఈ పాదం ఇచ్చినప్పుడు నాకు తట్టని అర్థం ఇది. ఆమె ఐదుగురు పిల్లల తల్లి, 1951 అక్టోబరులో 31 ఏళ్ళకే పోయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి ఆమెను అడగకుండానే తీసిన కణాలు హీలా పేరిట ప్రయోగశాలల్లో దాదాపు రోజుకొకసారి రెట్టింపవుతూనే ఉన్నాయి. మామూలు మానవ కణాలు గిన్నెలో 40 నుంచి 60 సార్లు చీలి ఆగిపోతాయి. ఇవి ఆగకపోవడానికి మూలం ఆమెకు సోకిన పాపిలోమా వైరస్. దాని ప్రోటీన్లు కణచక్రానికి (కణం పెరిగి చీలే క్రమానికి) కావలి కాసే పీ53 అనే ప్రోటీన్‌ను నాశనం చేసి, ఆర్‌బీ అనే మరో కావలి ప్రోటీన్‌ను పనిచేయనివ్వవు.

ఉపాధ్యాయిని: అయితే నా “నలువదాఱు” ఈ కణాలకు వర్తించదు కదండీ?

నిర్వాహకుడు: వర్తించదమ్మా. హీలా కణాల్లో క్రోమోజోములు సాధారణంగా 70కి పైనే ఉంటాయి. మీ పద్యం ఆరోగ్యవంతమైన కణానిది, ఈయనది అదుపు తప్పిన కణానిది. రెండింటినీ పక్కపక్కనే ఉంచుతున్నాను.