కుటుంబం ఒకటే అయితే పేదరికమూ ఒకటేనా?

లెక్కలపిచ్చి:
పేదరికం లెక్క ఎలా కడతారంటే, ఇంటి మొత్తం ఖర్చు రాసుకుని మనుషుల సంఖ్యతో భాగిస్తారు. ప్రపంచ బ్యాంకు పెట్టిన రోజుకు 3 డాలర్ల పేదరిక గీత (2025లో మార్చారు, అంతకుముందు 2.15) కూడా ఈ తలసరి లెక్కకే. అంటే ఇంట్లో అందరికీ సమానంగా అందుతోందని ముందే అనేసుకుంటున్నాం. గీత పైనున్న ఇంట్లో గీత కింద బతికే మనిషి ఈ లెక్కకు దొరకదు. ఎవరి లెక్క వాళ్లకు కట్టాలి అంటాను.

పాతకాపు:
వాటాలు వేసుకోవడానికి ఇల్లేమన్నా కంపెనీయా అండీ? అద్దెలో, కరెంటులో ఎవరి వాటా ఎంతని తేలుస్తారు? ఆర్థికవేత్త గ్యారీ బెకర్‌కి 1992లో నోబెల్ ఊరికే ఇవ్వలేదు. ఇంటిపెద్దకి అందరి మీదా ప్రేమ ఉంటే ఇల్లంతా ఒకే మనసుతో నడిచినట్టే అన్నాడాయన.

లెక్కలపిచ్చి:
అదే నిజమైతే డబ్బు ఎవరి చేతికొచ్చినా ఖర్చు ఒకేలా ఉండాలి కదా. బ్రిటన్‌లో పిల్లల కోసం తండ్రి జీతంలో పన్ను మినహాయింపు ఉండేది. 1970ల చివర్లో అది తీసేసి తల్లి చేతికే డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మగవాళ్ల బట్టలతో పోలిస్తే ఆడవాళ్ల బట్టల మీద, పిల్లల బట్టల మీద ఖర్చు పెరిగిందని లండ్‌బర్గ్, పొలాక్, వేల్స్ అనే ఆర్థికవేత్తలు 1997లో చూపించారు.

పాతకాపు:
బట్టలు చూసి పేదరికం తేలుస్తారా! మా ఆవిడకి బీరువా నిండా ఉన్నాయి, నావి ఒక్క అరలో సరిపోతాయి. అయితే మా ఇంట్లో పేదవాణ్ణి నేనే.

వానచినుకు:
బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందండీ?

లెక్కలపిచ్చి:
బట్టలే ఎందుకంటే, చాలా సర్వేల్లో మగవాళ్లవీ ఆడవాళ్లవీ పిల్లలవీ విడివిడిగా రాసే ఖర్చు దాదాపు అదొక్కటే. ఆఫ్రికా దేశం మలావీలో డన్‌బార్, లూబెల్, పెండకూర్ అనే ఆర్థికవేత్తలు అలాంటి ఖర్చుల నుంచే ఇంట్లో పిల్లల వాటా ఎంతో అంచనా కట్టారు (2013).

పాతకాపు:
మళ్లీ బట్టలే.

అరసున్న:
మీ బట్టల గొడవలో మనిషిని వదిలేశారు. నేను ఉద్యోగం చేసేదాన్ని, జీతం మాత్రం మా ఆయన చూసుకునే అకౌంట్‌లో పడేది. సర్వేవాళ్లు వచ్చుంటే మా ఇల్లు ఏ గీతకూ అందనంత పైన ఉండేది. చూపు తగ్గి కళ్లద్దాలు కావాలంటే ఈ నెల కాదు వచ్చే నెల అంటూ సాగదీశారు, ఆ మధ్యలోనే ఆయనకి కొత్త ఫోన్ వచ్చింది. నన్ను ఏ గడిలో రాస్తారు?

పాతకాపు:
మీ ఆయన చేసింది తప్పేనమ్మా. ఒక్క ఇంటి గొడవ పట్టుకుని లోకంలోని ఇళ్లన్నిటికీ అంటగడితే ఎలా?

లెక్కలపిచ్చి:
ఒక్క ఇల్లు కాదండీ. ఆఫ్రికాలో 30 దేశాల సర్వేలు చూస్తే, బరువు తక్కువున్న ఆడవాళ్లలో, పోషణ అందని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది అట్టడుగు 20 శాతం ఇళ్లలో లేరు. బ్రౌన్, రావల్యన్, వాన్ డి వాల్ అనే పరిశోధకులు తేల్చింది ఇది.

పాతకాపు:
మంచినీళ్లు సరిగా లేకపోయినా, రోగమొచ్చినా బరువు తగ్గుతారు. అదీ మొగుడి ఖాతాలోనేనా? ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతమంతా తెచ్చి ఇంట్లోనే పోశాను, నాకంటూ ఏమీ దాచుకోలేదు. ఇప్పుడెవరో వచ్చి నువ్వు ఉన్నవాడివి, మీ ఆవిడ లేనిది అంటే నోరు మూసుకోవాలా? మీకు కొలతలు అక్కర్లేదు, సంపాదించేవాణ్ణి దొంగని చేయాలి, అంతే.

అరసున్న:
దొంగ అని ఎవరన్నారు? దేనికి ఎంత పెట్టాలో ఎవరు తేల్చేవారు, అది చెప్పండి.

పాతకాపు:
సంపాదించినవాడే తేలుస్తాడు. అందులో తప్పేముంది?

అరసున్న:
నేనూ సంపాదించానండీ.

పాతకాపు:
మీ సంగతి వేరు.

గోడమీదపిల్లి:
ఇంతసేపూ కొట్టుకున్నది దీనికా! అయితే సర్వేలో ఎంత ఖర్చయిందని కాదు, ఎవరు తేల్చారని అడగాలి. కాకపోతే తలుపు తీసి జవాబు చెప్పేది పాతకాపు గారే.

లెక్కలపిచ్చి:
చాలా దేశాల్లో చేసే డీహెచ్‌ఎస్ (జనాభా, ఆరోగ్య) సర్వేల్లో ఆడవాళ్లను విడిగానే అడుగుతారు, మీ సంపాదన ఎలా వాడాలో ఎవరు నిర్ణయిస్తారనే ప్రశ్న కూడా ఉంటుంది. పేదరికం లెక్క కట్టేది మాత్రం ఖర్చుల సర్వేలతో. వాటిలో చాలావరకు ఆ ప్రశ్న ఉండదు.